ఛాతీలో క్యాసెట్: ఆమ్నిబాట్‌ను ఏళ్ల తరబడి వాడాక

ఆమ్నిబాట్ అనే బొమ్మ రోబో పేరు చెప్పగానే అందరూ మెరిసే కళ్ల గురించీ, చేతిలో పట్టించే ట్రే గురించీ చెబుతారు. నాకు ఆ రెండింటి మీదా పెద్ద మోజు లేదు. చేతులు వాటంతట అవి కదలవు, మనమే వంచిపెట్టాలి. ట్రేలో నిండు గ్లాసు పెట్టి ఓ మలుపు తిప్పితే తర్వాత నేల తుడుచుకోవాల్సిందే. 1984 నాటి ఈ బొమ్మను ఇన్నేళ్లుగా ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టుకున్నది ఒక్కదాని కోసమే. దాని ఛాతీలో ఉన్న క్యాసెట్ డెక్.

మామూలు ఆడియో క్యాసెట్ పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టి, రిమోట్‌తో రోబోను ఇల్లంతా తిప్పుతాం. ముందుకు, ఎడమకు అని మనం ఇచ్చిన ప్రతి ఆదేశం శబ్దంగా మారి టేపు మీదికి ఎక్కుతుంది. వెనక్కి తిప్పి ప్లే చేస్తే, అదే నడక మళ్లీ నడుస్తుంది. గడియారంలో టైము పెట్టి పడుకుంటే పొద్దున దానంతట అదే బయల్దేరుతుంది. సెన్సర్లు లేవు, మ్యాప్ లేదు. గోడ ఎక్కడుందో దానికి తెలియదు, తెలుసుకోవాలన్న ఆరాటమూ లేదు. మనం చూపించాం, అది చేస్తోంది, అంతే. నా దగ్గర క్యాసెట్లు వరసగా ఉన్నాయి, ‘సోఫా నుంచి వంటగది’, ‘గది చుట్టూ ఒక రౌండు’ అని లేబుళ్లతో. ఒక నడకను చేత్తో పట్టుకుని ఇంకొకరికి ఇవ్వగలగడం నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

ఇదంతా పాతవన్నీ గొప్పవని చెప్పడానికి కాదు. 1982లో వచ్చిన హీథ్‌కిట్ హీరో 1 అనే రోబో కూడా పాతదే. దానికి మెదడుంది, 6808 ప్రాసెసరు. కానీ పని చెప్పాలంటే తల మీదున్న కీప్యాడ్‌లో హెక్స్ అంకెలు, అంటే 0 నుంచి 9, A నుంచి F వరకూ వాడే కంప్యూటర్ సంకేతాలు, కొట్టాలి. ఓపిక ఉన్నవాళ్లకు అది స్వర్గం. నాకు కాదు.

ఇప్పటి రోబోలూ నా దగ్గర ఉన్నాయి. ఆర్డినో అనే, ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు, రెండు గేరు మోటార్లు, ముందు అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో నేనే కట్టుకున్నది ఒకటి. అడ్డం వస్తే ఆగుతుంది, గీత గీస్తే దాని వెంట పోతుంది. ఏ లెక్కన చూసినా ఆమ్నిబాట్ కంటే తెలివైనదే. కాకపోతే దానితో గడిపే సమయంలో ముప్పావు వంతు లాప్‌టాప్ ముందే పోతుంది. యాప్‌తో నడిచే రెడీమేడ్ రోబో కూడా ఒకటి కొన్నాను. ఫోన్ మార్చాక కొత్త ఫోన్‌లో ఆ యాప్ ఎక్కనే లేదు. పరికరం బాగానే ఉంది, మోటార్లు బాగానే ఉన్నాయి, దాన్ని నడపడానికే దారి లేదు. ఇలాంటి రోబోలు చేసిన అంకి లాంటి పేరున్న కంపెనీయే 2019లో మూతపడింది, చిన్నవాటి సంగతి ఎంతని చెప్పుకుంటాం.

అలాగని ఆమ్నిబాట్ మొరాయించలేదని కాదు. ఒక సాయంత్రం సోఫా పక్కనుంచి చక్కగా తిరిగి రావాల్సినది తిరగకుండా నేరుగా పోయి గోడను గుద్దింది. బ్యాటరీ అనుకుని రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. మర్నాడూ అదే తంతు. అప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే తట్టింది. బ్యాటరీ నీరసిస్తే చక్రాలు నెమ్మదిస్తాయి, మలుపు రావాల్సిన చోటికి ముందే వచ్చేస్తుంది. ఇక్కడ మలుపు ఆలస్యంగా వస్తోంది. అంటే చక్రాలు బాగానే ఉన్నాయి, టేపే నెమ్మదిగా తిరుగుతోంది. అదే టేపులో నా గొంతుతో రికార్డు చేసిన పలకరింపు వింటే అనుమానం తీరిపోయింది. నా గొంతు బొంగురుగా, సాగదీసినట్టు వస్తోంది. ఇంకో రెండు రోజులకు కొన్ని ఆదేశాలను పట్టించుకోవడమే మానేసింది.

విప్పి చూస్తే డెక్ లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి పుల్లీకి అంటుకుపోయి ఉంది. ఇది ఏ ఒక్క తయారీదారు తప్పూ కాదు, ఆ కాలపు టేప్‌రికార్డర్ల బెల్టులు చాలావాటికి వయసు మీదపడితే ఇదే గతి. ఆ జిగురు వేళ్లకు అంటితే సబ్బుకు పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్ పట్టుకుని పుల్లీ గాడినీ ఫ్లైవీల్ అంచునూ తుడుస్తూ ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. మొదట వేసిన కొత్త బెల్టు బిగువెక్కువై గొంతు వణికింది. కాస్త పెద్ద సైజు వేశాక కుదిరింది.

టెస్టింగ్‌కి నా క్యాసెట్లు పెట్టడానికి మనసొప్పలేదు. టేపు నలిగితే పోయినట్టే కదా. రోబోతో పాటు పాత యజమాని నుంచి వచ్చిన, లేబుల్ లేని క్యాసెట్ ఒకటి ఉంటే అది పెట్టాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత రోబో కదిలింది. కొంచెం ముందుకెళ్లి ఆగింది. ఖాళీ నేల మీద, లేని వస్తువు చుట్టూ జాగ్రత్తగా అర్ధచంద్రాకారంలో తిరిగింది. ఇంకొంచెం పోయి మళ్లీ ఆగింది, స్పీకర్లో ఎవరో దగ్గారు. ఆ తర్వాత ధైర్యంగా ముందుకు పోయి మా అలమరాను గుద్దింది. వాళ్లింట్లో అక్కడ తలుపు ఉండేదేమో. నేనెప్పుడూ చూడని ఇంట్లో బల్ల ఎక్కడుందో, దారి ఎటుందో ఆ నడకను బట్టి గీయవచ్చు. గీశాను కూడా. ఇంటికొచ్చినవాళ్లు ఇప్పుడు అడిగి మరీ ఆ క్యాసెట్టే పెట్టించుకుంటారు.

పైన ‘అదే నడక మళ్లీ నడుస్తుంది’ అన్నాను. బ్యాటరీ నిండుగా ఉండి, నేల నున్నగా ఉండి, బయల్దేరే చోటు తేడా రాకపోతే నడుస్తుంది. మొదట్లో ముఖం కాస్త పక్కకు తిరిగి ఉన్నా గది దాటేసరికి మూరెడు తేడా వస్తుంది. అందుకే నేల మీద దాని చక్రాల చోటు అంటించే టేపుతో గుర్తు పెట్టుకున్నాను. తివాచీ వేసిన గదిలో చేసిన రికార్డింగ్ టైల్స్ మీద పనికిరాదు. ఇక, చూపించి నేర్పడం దీనికే సొంతమనీ అనలేను. అదే పద్ధతిని నా ఆర్డినో రోబోలో పెట్టి చూశాను. నొక్కిన బటన్లనూ, వాటి మధ్య సమయాన్నీ బోర్డులోని 1024 బైట్ల ఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, దాచాను. చక్రాలు ఎంత తిరిగాయో లెక్కపెట్టే ఎన్‌కోడర్లు ఉన్నాయి కాబట్టి అది ఆమ్నిబాట్ కంటే ఎంతో కచ్చితంగా నడుస్తుంది. అయినా దాన్ని మళ్లీ నడపాలని నాకే అనిపించదు. అది నా లోపమే కావచ్చు.

కొనమని చెప్పను, వద్దనీ చెప్పను. మా ఇంట్లో తివాచీలు లేవు, పాకే పిల్లలు లేరు, వస్తువులు విప్పదీయడం నాకు ఇష్టం, సోల్డరింగ్ వచ్చు. ఇందులో సగం మీకు వర్తించకపోయినా లెక్క మారిపోతుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఉంటే కొత్తదే తీసుకోండి, ఇది ఏమీ నేర్పదు. పాతదే కావాలంటే, తెల్లటి ప్లాస్టిక్ పచ్చబడిందని బెంగపడకండి, బ్యాటరీ చచ్చిందన్నా పర్లేదు, 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ సరైన సైజుది వెతికి వేసుకోవచ్చు. డబ్బులిచ్చే ముందు మాత్రం క్యాసెట్ పెట్టించి వినండి. అసలు రిమోట్ ఉందో లేదో అడగండి. రిమోట్ లేనిది ఎంత మెరుస్తున్నా నేనైతే తీసుకోను, దానికి కొత్త నడక చెప్పే దారే ఉండదు.