మ్యూనిక్‌లో చదువుతూ చుట్టూ తిరగాలంటే: ఏ ఊరు, ఏ బండి, ఏ పడక

జర్మనీలో చదువుకోవడానికి వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది మొదటి సెలవుల్లోనే ఒక పొరపాటు చేస్తారు. ఏడు రోజుల్లో ఐదు దేశాలని లెక్క వేసుకుని, ఇరవై యూరోలకు దొరికిన విమానం టికెట్ కొనేస్తారు. దాని అసలు ఖర్చు తెలిసేది దిగాకే. ‘పారిస్ బోవే’ అని రాసి ఉన్న విమానాశ్రయం పారిస్‌కు 80 కిలోమీటర్ల పైన ఉంటుంది. ‘ఫ్రాంక్‌ఫర్ట్ హాన్’ ఫ్రాంక్‌ఫర్ట్‌కు దాదాపు 120 కిలోమీటర్లు. మన దగ్గరి మెమ్మింగెన్‌ను కూడా మ్యూనిక్ పేరు చెప్పి అమ్ముతారు కానీ, అది ఊరికి 110 కిలోమీటర్లు. బోవే నుంచి పారిస్ బస్సుకు ఒక్కో వైపు పదిహేను యూరోలు దాటుతుంది, గంటంబావు పడుతుంది. బ్యాగు సీటు కింద పట్టకపోతే గేటు దగ్గర కట్టేది ఒక్కోసారి టికెట్ కంటే ఎక్కువ. ఇవన్నీ కలిపితే ఇరవై యూరోల టికెట్ ఎనభైకి తేలుతుంది, పైగా రెండు సగం రోజులు దారిలోనే పోతాయి. అందుకే టికెట్ ధర ఒక్కటే చూడకుండా, గదిలో తాళం వేసినప్పటి నుంచి అక్కడి మంచం మీద సంచి పెట్టేదాకా ఎన్ని గంటలు, ఎన్ని యూరోలు అవుతాయో చూడాలి. ఇక్కడ రాసిన మంచిచెడులన్నీ ఆ లెక్క ప్రకారమే.

ముందు జేబులో ఉండాల్సినవి. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ అసలువే ఉండాలి. ఫోన్‌లో ఫొటో పనికిరాదు. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల మధ్య సరిహద్దులు లేవన్నది సగం నిజమే. జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి తిరిగొచ్చే రైలు సరిహద్దు ఊరు ఫ్రైలాసింగ్‌లో ఆగినప్పుడు పోలీసులు ఎక్కడం మామూలు. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. జర్మనీలో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు, వాటికి వేరే వీసా కావాలి.

పర్మిట్ గడువు ముగిసే నెలల్లో ప్రయాణం పెట్టుకుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొత్త కార్డు వచ్చేలోపు విదేశీయుల కార్యాలయం ఇచ్చే తాత్కాలిక కాగితాన్ని ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు. దాని లోపలి పేజీలో జర్మన్ నివాస చట్టంలోని 81వ సెక్షన్ కింద ఏ గడికి టిక్ పెట్టారో చూసుకోండి. 3వ ఉపసెక్షన్‌కు టిక్ ఉంటే, దేశం దాటాక ఆ కాగితంతో తిరిగి లోపలికి రాలేరు. 4వ ఉపసెక్షన్ అయితే, పాత కార్డుతో కలిపి చూపించి రావొచ్చు. ఇండియా ప్రయాణానికైనా, పక్క దేశానికైనా టికెట్ కొనేముందు చూడాల్సింది ఈ గడినే.

ఇక బండ్ల సంగతి. జర్మనీ అంతటా చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఇంతకంటే తక్కువకే దొరుకుతుంది కాబట్టి ముందు అక్కడ అడగాలి. ఇది చందా. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, లేకపోతే తర్వాతి నెల డబ్బులు కూడా ఖాతాలోంచి పోతాయి. ఆర్‌ఈ, ఆర్‌బీ అనే ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే నగర రైళ్లు, ఊరి బస్సులు, ట్రాములు అన్నీ ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ, రైల్‌జెట్ అనే దూరప్రయాణపు బండ్లు ఎక్కకూడదు. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కు రైల్‌జెట్ గంటన్నరలో వెళ్తుంది, ప్రాంతీయ రైలుకు దాదాపు రెండు గంటలు. కంగారులో వేగంగా వెళ్లే బండి ఎక్కి పట్టుబడితే కనీసం 60 యూరోలు వదులుతాయి.

ఈ ఒక్క టికెట్‌తో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ఊళ్లలో సాల్జ్‌బర్గ్‌ది మొదటి స్థానం. ఆస్ట్రియాలో ఉన్నా, అక్కడి ప్రధాన స్టేషన్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. ఊళ్లో బస్సుకు మాత్రం చెల్లదు. స్టేషన్ నుంచి పాత ఊరికి ఇరవై నిమిషాల నడకే, బస్సుతో పనిలేదు. నది దాటి ఇరుకు సందుల్లో తిరిగి, కోట దాకా కాలిబాటన ఎక్కి దిగితే రోజు నిండిపోతుంది. ఆ రాత్రికి హాస్టల్ తీసుకోవడం దండగ.

నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు ఫ్యూసెన్ దాకా రెండు గంటలు, అక్కణ్నుంచి 73 లేదా 78 నంబరు బస్సు. రెండూ ఈ టికెట్‌లోనే వస్తాయి. లోపలికి వెళ్లడానికి టికెట్‌ను సమయంతో సహా ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. కింద బస్సు దిగాక కోట గుమ్మానికి ఎక్కుడు దారిలో 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: బస్సు దిగే వేళకే టూర్ సమయం పెట్టుకుంటారు, అది దాటిపోతే టికెట్ పోయినట్టే. రైలు ఆలస్యాన్ని కూడా కలుపుకుని, ఫ్యూసెన్ చేరే వేళకు కనీసం రెండు గంటల తర్వాతి టూర్ తీసుకోండి. లోపలి టూర్ అరగంటే, ఫొటోలు తీయనివ్వరు. కథల పుస్తకంలో బొమ్మలా కోట మొత్తం కనిపించేది మారియెన్ వంతెన మీంచి, దానికి పైసా అక్కర్లేదు. బవేరియా రాజు రెండో లూడ్విగ్ కట్టించిన భవనాలను, ఈ కోటతో సహా, 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు కాబట్టి రద్దీ తగ్గే ఆశ లేదు. డబ్బులు చూసుకోవాల్సిన వాళ్లు లోపలి టూర్ మానేసినా పోయేదేం లేదు.

కోనిగ్జే సరస్సుకు మాత్రం తప్పకుండా వెళ్లాలి. ఫ్రైలాసింగ్‌లో బండి మారి బెర్ఖ్‌టెస్‌గాడెన్, అక్కణ్నుంచి బస్సు, మొత్తం మూడు గంటలు. పడవ ఖర్చు విడిగా ఉంటుంది. 1909 నుంచి ఇక్కడ విద్యుత్ పడవలే తిరుగుతున్నాయి, నీళ్లు అంత తేటగా ఉండటానికి అదీ ఒక కారణం. రెండు వైపులా నిటారు కొండలు ఉండటంతో అవతలి ఒడ్డు నుంచి తిరిగి నడిచొచ్చే దారి లేదు. అందుకే పడవ దిగగానే, చివరి పడవ ఎన్నింటికో రాసిన బోర్డును ఫొటో తీసుకోండి.

ప్రాంతీయ రైళ్లతో ఒక చిక్కుంది. కొన్ని బండ్లు మధ్యలో విడిపోతాయి. టెగెర్న్‌జే వైపు వెళ్లే బండి హోల్జ్‌కిర్‌షెన్‌లో ముక్కలై, ఒక్కోటీ ఒక్కో లోయకు పోతుంది. ఎక్కేముందు ప్లాట్‌ఫాం బోర్డు కాదు, మీరు ఎక్కే పెట్టె మీద వెలిగే ఊరి పేరు చూడాలి.

ప్రాగ్‌కు చవక దారి చాలామందికి తెలియదు. మ్యూనిక్ నుంచి నేరుగా వెళ్లే ప్రాంతీయ ఎక్స్‌ప్రెస్‌లో ఫుర్త్ ఇమ్ వాల్డ్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. అక్కణ్నుంచి ప్రాగ్ వరకు మాత్రం చెక్ రైల్వే యాప్‌లో టికెట్ కొనాలి. బండి మారక్కర్లేదు, దాదాపు ఆరు గంటల ప్రయాణం. ఊరు అందమైనదే కానీ డబ్బు మార్పిడి దగ్గర మోసపోవడం కూడా తేలికే. అక్కడ చెలామణి అయ్యేది కొరూనా. ఏటీఎం ‘యూరోల్లో లెక్కకట్టమంటారా’ అని అడిగితే వద్దనే నొక్కాలి, లేకపోతే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు. మనీ ఎక్స్‌ఛేంజ్ దుకాణంలో తక్కువ ఇచ్చారనిపిస్తే, మూడు గంటల్లోపు రసీదుతో అదే దుకాణానికి వెళ్లి రద్దు చేయించుకునే హక్కు చెక్ చట్టంలో 2019 నుంచి ఉంది. వెయ్యి యూరోల దాకా ఇది వర్తిస్తుంది. రసీదు పారేయకండి. ట్రాములో కాగితం టికెట్ ఉంటే చాలదు, ఎక్కగానే మెషీన్‌లో ముద్ర వేయాలి. ముద్ర లేని టికెట్ లేనట్టే లెక్క.

బుడాపెస్ట్‌లోనూ అంతే. అక్కడ ఒంటి టికెట్ ఒక్క బండికే, మెట్రో దిగి ట్రాము ఎక్కితే ఇంకోటి కొట్టించాలి. తనిఖీ వాళ్లు ఎస్కలేటర్ పక్కనే నిలబడతారు. రోజు పాస్ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. ఎల్లో లైన్ అని పిలిచే 1వ మెట్రో 1896 నాటిది, చిన్న చిన్న స్టేషన్లతో ముచ్చటగా ఉంటుంది.

వియన్నాకు రాత్రి బస్సు ఎక్కితే ఒక రాత్రి గది అద్దె మిగులుతుందంటారు. నిజంగా మిగిలేది తక్కువ. అర్ధరాత్రి తనిఖీలకు నిద్ర చెడుతుంది, తెల్లవారుజామున దింపేస్తారు, హాస్టల్ మంచం మధ్యాహ్నం మూడు దాకా ఇవ్వరు. ఆ మొదటి రోజంతా కళ్లు మూతలు పడుతూ తిరగడమే. నెలన్నర ముందు చూసుకుంటే నాలుగు గంటల్లో వెళ్లే రైలుకే తక్కువ ధర టికెట్ దొరుకుతుంది. జర్మన్ రైల్వే తక్కువ ధర టికెట్ ఆ ఒక్క బండికే కట్టుబడి ఉంటుంది. కాకపోతే గమ్యానికి 20 నిమిషాలు, అంతకంటే ఎక్కువ ఆలస్యం అయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు పోతుంది, వేరే బండి ఎక్కొచ్చు. గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కిస్తారు. యాప్‌లోనే అడగొచ్చు, మొహమాటపడక్కర్లేదు. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ ఊటల నుంచి వస్తాయి, సీసా నింపుకుంటే చాలు, కొనక్కర్లేదు.

పారిస్ విషయంలో ఒక మేలైన సంగతి చాలామందికి చేరడం లేదు. లూవ్ర్, ఓర్సే మ్యూజియాలు, వెర్సాయ్ రాజభవనం లాంటి చోట్ల 26 ఏళ్లలోపు వాళ్లకు ఉచిత ప్రవేశం యూరప్ పౌరులకే అనుకుని టికెట్లు కొంటుంటారు. అది పౌరసత్వాన్ని బట్టి కాదు, నివాసాన్ని బట్టి. భారత పాస్‌పోర్ట్ ఉన్నా సరే, జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ చూపిస్తే ఉచితమే. లూవ్ర్‌కు ఉచితమైనా సమయం ముందే బుక్ చేసుకోవాలి. ఇటలీలో ఇది నడవదు. అక్కడి ప్రభుత్వ మ్యూజియాల్లో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు ఇచ్చే 2 యూరోల టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకే. 26 నిండేలోపు పారిస్ చూసెయ్యండి, రోమ్ తర్వాతైనా ఫరవాలేదు.

చాలా దేశాల రైళ్లు ఒకే పాస్‌తో ఎక్కాలంటే, ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు తీసుకోవాల్సింది ఇంటర్‌రైల్ పాస్. యూరైల్ కాదు, అది యూరప్ బయట ఉండేవాళ్లకు. సొంత దేశంలో, అంటే జర్మనీలో, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే చెల్లుతుంది. ఆస్ట్రియా, హంగరీ, స్లొవేనియా వైపైతే గిట్టుబాటు. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో వేగపు బండ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బులు వేరే కట్టాలి, ఆ సీట్లు కూడా కొన్నే ఉంటాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పడక ఖరీదు. గది ధర మీద 12.5 శాతం ఊరి పన్ను అదనం. రైల్లో ఇరవై నిమిషాల్లోపు ఉన్న హార్లెమ్‌లోనో జాండామ్‌లోనో ఉండటం నయం. అక్కడ బ్యాంకు కార్డు తాకించి రైలెక్కొచ్చు, దిగేటప్పుడు మళ్లీ తాకించాలి. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు అదే ఖాతా ప్లాస్టిక్ కార్డు తాకిస్తే యంత్రానికి అవి రెండు వేరు కార్డులు. రెండింటి మీదా డబ్బు కోత పడుతుంది.

హాస్టల్ ఎంచుకునేటప్పుడు స్టార్ల కంటే వంటగది ఉందా, రాత్రి కూడా నడిచే ట్రాము దగ్గరుందా, సామాను గది ఉచితమా అన్నవి చూడండి. కప్ప తాళం, తువ్వాలు వెంట తీసుకెళ్తే రెండింటి అద్దె మిగులుతుంది. పన్నెండు మంచాల గదికీ ఆరు మంచాల గదికీ తేడా ఐదారు యూరోలే అయితే ఆరే తీసుకోండి. గదిలోకి వెళ్లగానే సంచి నేల మీద పెట్టకుండా, దుప్పటి మూల ఎత్తి పరుపు కుట్టు వెంబడి ఫోన్ లైటు వేసి చూడాలి. మిరియం పొడి రాలినట్టు నల్ల చుక్కలుంటే నల్లులున్నట్టే. అప్పుడే కిందికి వెళ్లి గది మార్చమనాలి. ఒక్క రాత్రి సర్దుకుందామనుకుంటే ఆ నల్లులు మీ గది దాకా వస్తాయి, వాటిని వదిలించుకోవడం నెలల పని.

తిండికి కందిపొడి, కరివేపాకు పొడి ఉంటే చాలు. ఆవకాయ మాత్రం విమానం క్యాబిన్ సంచిలో పెట్టకండి. నూనె ఊరే పచ్చడిని సెక్యూరిటీలో ద్రవంగానే లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే చాలా చోట్ల తీసేస్తారు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాల మిఠాయిలు తేవడం యూరోపియన్ యూనియన్ నిబంధనలకు విరుద్ధం. హాస్టల్ వంటింట్లో ఎండుమిర్చి పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, పైన ఫ్యాన్ వేసి, సన్నని మంట మీదే పెట్టండి. పొగకు అలారం మోగి ఫైరింజన్ వస్తే బిల్లు మీ పేరునే రావచ్చు.

స్విట్జర్లాండ్ వెళ్తే ఇంకో రెండు చూసుకోవాలి. జర్మన్ సిమ్‌కు యూరోపియన్ యూనియన్‌లో ఉచితంగా ఉన్న రోమింగ్ అక్కడ అన్ని ప్లాన్లకూ ఉండదు. సరిహద్దు దాటేముందు డేటా ఆపేయండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనక ఉండే యూరోపియన్ కార్డు, ఈయూ పౌరులు కాని మనకు స్విట్జర్లాండ్‌లో, నార్వేలో, డెన్మార్క్‌లో చెల్లదు. ఆ మూడింటికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి పెట్టుకుంటే, బయల్దేరే శుక్రవారమే బియ్యం, పాలు, గుడ్లు కొని పెట్టుకోండి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప.