లూపస్ ఉన్నవారు ఆ ‘మెమరీ టెస్ట్’ ప్యాకేజీ కొనకండి

లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు. ఆ రోగులకు ప్రత్యేకమంటూ జ్ఞాపకశక్తి పరీక్షల ప్యాకేజీ అమ్ముతున్న ఆ డయాగ్నస్టిక్ సెంటర్ ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. నిన్న మా చెల్లెలికి అక్కడే పరీక్ష చేయించాము. డబ్బు ముందే కట్టించుకున్నారు, ఇప్పుడు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు.

ఈ రోజు తేదీ ఏమిటి, ఇది ఏ ఊరు, మూడు పదాలు విని మళ్లీ చెప్పండి, వందలోంచి ఏడేసి తీసివేస్తూ వెళ్లండి: పరీక్ష అంతా ఇలాంటి ప్రశ్నలే. ఇది 1975 నాటి ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) అనే చిన్న పరీక్ష. డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) వంటి తీవ్రమైన లోపాన్ని గుర్తించడానికి అది పనికొస్తుంది గానీ, లూపస్‌లో తరచుగా దెబ్బతినే ఏకాగ్రత, ఆలోచనా వేగం, పనులను ఒక వరుసలో పెట్టుకోగల శక్తి వంటి వాటిలోని స్వల్ప లోపాలు దానికి చాలాసార్లు చిక్కవు. బ్యాంకు ఉద్యోగి అయిన మా చెల్లెలికి 30కి 29 వచ్చాయి.

“మరి మాట్లాడుతుండగా పదం ఎందుకు దొరకడం లేదండీ? రోజూ చేసే లెక్కే రెండుసార్లు ఎందుకు చూసుకోవలసి వస్తోంది?” అని అది అడిగితే, రిపోర్టు చేతికిచ్చిన వ్యక్తి నలుగురూ వింటుండగా, “మీ మెదడు బాగానే ఉందమ్మా, పని తప్పించుకోవాలనుకునే వాళ్లందరూ ఇదే చెబుతారు” అన్నాడు. కీళ్ల నొప్పులతోనే ఇన్నేళ్లుగా ఉద్యోగం నిలబెట్టుకున్న పిల్లను పట్టుకుని అన్న మాట అది. చెల్లెలు మారు మాట్లాడలేదు, ఇంటికి వచ్చాక అన్నం కూడా ముట్టలేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1999లోనే లూపస్‌లో కనిపించే 19 నాడీ, మానసిక సమస్యలలో ఈ గ్రహణశక్తి లోపాన్ని చేర్చింది. లూపస్ పేరు చెప్పి డబ్బు తీసుకునేవారికి ఆ మాత్రం తెలియకపోవడాన్ని నేను క్షమించలేను.

డబ్బు కట్టే ముందు ఏ పరీక్ష, ఎవరు చేస్తారు, ఏ భాషలో చేస్తారు అని అడగండి. ఎంఎంఎస్ఈ కన్నా మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్) అనే పరీక్ష కొంత మెరుగు, తెలుగులోనూ ఉంది. అయితే అదీ ప్రాథమిక పరీక్షే. అనుమానం మిగిలితే మీ రుమటాలజిస్టు (లూపస్‌కు వైద్యం చేసే నిపుణుడు) ద్వారా న్యూరోసైకాలజిస్టు (జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తులను పరీక్షించే నిపుణుడు) దగ్గర పూర్తి పరీక్ష చేయించుకోండి. నిద్రలేమి, కుంగుబాటు, స్టెరాయిడ్ మోతాదు, రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల సంగతి కూడా అడగండి. ఎంఆర్ఐ మామూలుగా ఉన్నా సమస్య ఉండవచ్చు. స్టెరాయిడ్లను మాత్రం సొంతంగా ఆపకండి.