జెండా పండుగకు వేషాలా, పది రూపాయల నోటా?

జూలై సగం దాటిందంటే చాలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "దేశం గురించి, మన సంస్కృతి గురించి పిల్లల చేత ఏదైనా చేయించమన్నారు. ఏం చేయిస్తే బాగుంటుంది సార్?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి అలసిపోయి, ఈసారి రాసి పెడుతున్నాను. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. అందువల్ల నా మాటలు 6, 7 తరగతులకే ఎక్కువ వర్తిస్తాయి.

క్విజ్ గురించి రెండు మాటలు చాలు. ఏ బడిలోనైనా జవాబులు చెప్పేది అదే ఇద్దరు పిల్లలు, వాళ్లకు ఆ జవాబులు ముందే తెలుసు. విహారయాత్ర మంచిదే. లేపాక్షినో రామప్పనో కళ్లారా చూసిన పిల్లవాడు దాన్ని మరచిపోడు. కానీ బస్సు, అనుమతులు, భోజనాలు, పైగా ఆగస్టు వానలు. ఏడాదికి ఒకసారి కుదిరితే అదే గొప్ప.

మిగిలినవి మూడు: వేషధారణ, ఇంటి నుంచి సేకరణ, నేను నోటు పాఠం అని పిలుచుకునేది.

వీటిని తూచడానికి నేను చూసే లెక్క ఒక్కటే. ఆ గంటలో ఎంతమంది పిల్లల చేతిలో పని ఉంది?

వేషధారణను తీసిపారేయను. మామూలు రోజుల్లో బడి గేటు దాటని తల్లిదండ్రులు ఆ రోజు వస్తారు. ఎన్నడూ నోరు విప్పని పిల్ల ఝాన్సీ లక్ష్మీబాయి కత్తి పట్టుకోగానే ఖంగున మాట్లాడుతుంది. అట్టకత్తి మహిమ. అయితే నలభై మంది తరగతిలో వేషం కట్టేది ఆరుగురు. ఒక గాంధీ, ఒక భారతమాత, ఒక అల్లూరి, ఇలా. మిగతా ముప్పై నలుగురి పని చప్పట్లు కొట్టడం. ఆ ఆరుగురూ అద్దె దుస్తులకు డబ్బు పెట్టగల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే అయి ఉంటారని వేరే చెప్పాలా? రాష్ట్రాల వేషాలతో ఇంకో చిక్కు. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కింద ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హరియాణా జోడీ రాష్ట్రాలు. ఆలోచన మంచిదే. తీరా వేదిక మీద జరిగేది నలుగురు తలపాగాలు చుట్టుకుని భాంగ్రా వేయడం. పంజాబ్‌లో ఏ పంటలు పండుతాయని మర్నాడు అడిగి చూడండి, తలపాగా ఏ రంగుదో చెబుతారు.

ఇంటి నుంచి సేకరణ నిజంగా లోతైన పని. అవ్వనో తాతనో అడిగి, వాడుకలోంచి పోయిన వస్తువు ఒకటి తెచ్చి దాని సంగతి చెప్పాలి. సోల, తవ్వ, మానిక బల్ల మీదికి చేరితే బియ్యం పోసి కొలవకుండా పిల్లలు ఊరుకోరు. "నాలుగణాలు పావలా" అని ఒక అవ్వ చెప్పి పంపింది. రూపాయికి 16 అణాలు ఉండేవని, 1957లో అది 100 పైసలుగా మారిందని ఆ పూటే తేలిపోయింది.

కానీ మొదటిసారి చేయించినప్పుడు నేనొక తప్పు చేశాను. "వస్తువు తెండి" అన్నాను. ఒకరు వెండి కుంకుమ భరిణె తెచ్చారు, ఒకరు ఇత్తడి బిందె మోసుకొచ్చారు. హాస్టల్ పిల్లలు ఏడుగురు మాత్రం ఒట్టి చేతులతో కూర్చున్నారు. వాళ్ల ముఖాలు చూశాక ఇక వస్తువు అడగలేదు. మాట తెమ్మంటున్నాను. సామెత, పొడుపుకథ, పండుగనాటి వంట పేరు, ఏదైనా సరే. మాటకు ఖర్చు లేదు, ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాడికీ ఒకటి గుర్తుంటుంది. అయినా ఈ పనికి కనీసం రెండు వారాలు పడుతుంది, రెండో వారంలో సగం పుస్తకాల్లో అక్కయ్య చేతిరాత కనిపిస్తుంది.

ఇక నోటు. నలభై మందికి పది నోట్లు, నలుగురికి ఒకటి. పెట్టుబడి వంద రూపాయలు, అదీ గంట కొట్టేసరికి తిరిగి జేబులోకి వస్తుంది. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు పది రూపాయల నోటు తీసుకోండి. వెనుక వైపు చిన్న అక్షరాల పట్టీలో 15 భాషలు ఉంటాయి, హిందీ, ఇంగ్లీషు విడిగా ఉంటాయి. తెలుగు ఎన్నో వరుసలో ఉందని అడగండి. నాలుగు తలలు ఒక్కచోట చేరతాయి. పద్నాలుగో వరుస, తమిళానికి కింద, ఉర్దూకు పైన. ఎందుకలా అన్నది రెండో ప్రశ్న. భాషల పేర్లు ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉన్నాయని మీరు చెప్పేయకండి. మొదటిది అస్సామీ, చివరిది ఉర్దూ అన్న ఆధారం ఇచ్చి ఊరుకోండి.

పోయిన ఏడాది మా ఏడో తరగతిలో ఒడిశా నుంచి భవన నిర్మాణ పనికి వచ్చిన కుటుంబం పిల్లవాడు ఒకడు చేరాడు. చివరి బెంచీ, ఎప్పుడూ మౌనం. ఆ రోజు పదో వరుస మీద వేలు పెట్టి "దశ టంకా" అని చదివాడు. తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. రూపాయి కాదా? టంకా ఏమిటి? బెంగాలీలో టాకా అని, అస్సామీలో టకా అని అదే పట్టీలో ఉన్న సంగతి చెప్పి, నాణేలు ముద్రించే చోటును మనం ఏమంటామని అడిగాను. టంకశాల అని ఎవరో అన్నారు. పాత నాణెం పేరు వాళ్ల లెక్కల్లో మిగిలింది, మన మాటలో మిగిలింది.

పట్టీ పక్కన ఉన్న చక్రం ఒడిశాలోని కోణార్క్ సూర్యుడి గుడిది అని చెప్పింది కూడా ఆ అబ్బాయే. ఆ గుడిని 13వ శతాబ్దంలో కట్టించింది తూర్పు గాంగ రాజు నరసింహదేవుడు. ఆ గాంగుల పాత రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే అంటారు. సింహాచలం గుడితోనూ వాళ్ల పేరు ముడిపడి ఉంది. ఎక్కడిదో అనుకున్న గుడి అలా మన గడపలోకి వచ్చింది.

రోజూ ప్రతిజ్ఞలో పిల్లలు "బహువిధమైన" అంటారు. అర్థం అడిగితే అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజు ఒక అమ్మాయి మాట్లాడకుండా నోటు ఎత్తి చూపించింది. 1962లో ఆ ప్రతిజ్ఞను తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఖజానా అధికారి అని చెబితే అందరూ నవ్వారు.

ఓపిక ఉంటే 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రాతిరథం, 100 మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్, 200 మీద సాంచి, 500 మీద ఎర్రకోట చూపించి, అన్నింటినీ భారతదేశ పటంలో గుర్తించమనండి. పటం పని కూడా అయిపోతుంది. 500 నోటు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

నోటుకూ ఒక లోపం ఉంది, అదీ పిల్లలే చూపించారు. తండా నుంచి వచ్చే అమ్మాయి "మా గోర్ బోలీ ఏ వరుసలో ఉంది సార్?" అంది. గోర్ బోలీ అంటే లంబాడీల భాష. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలుంటే మైథిలి, సంతాలీ, బోడో, డోగ్రీ, మణిపురి, సింధీ నోటు మీద లేవు. ఆ అమ్మాయి భాష షెడ్యూలులోనూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మర్నాడు ఒకటి నుంచి పది వరకు తన భాషలో, తెలుగు లిపిలో, నల్లబల్ల మీద రాయమన్నాను. సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. ఐదు దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లు హిందీతో పోల్చి ముందే అందించసాగారు. ఇంటి నుంచి మాటల సేకరణ అక్కడి నుంచే మొదలైంది, ఎవరికీ గడువు పెట్టాల్సిన అవసరం రాలేదు.

అందుకే నా సలహా: ముందు నోటు, ఆ వెంటనే సేకరణ. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇది ఎక్కదు, వాళ్లకు పాటలూ వేషాలే నయం. మీ ప్రధానోపాధ్యాయులు వేషాలు ఉండాల్సిందేనంటే ఉండనివ్వండి. వేషం కట్టినవాళ్లను మిగతా ముప్పై నలుగురి చేత ప్రశ్నలు అడిగించండి, అల్లూరి వేషగాడు తడబడినా ఫరవాలేదు.

నోట్లను జిరాక్స్ తీయించకండి, చట్టంతో చిక్కు. అసలువే ఇవ్వండి, ఇచ్చే ముందు లెక్కపెట్టుకోండి. పోయినసారి నాకు తొమ్మిదే తిరిగివచ్చాయి. పదోది వారం తరువాత ఒకడి సాంఘిక శాస్త్రం పుస్తకంలో దొరికింది. భాషల పట్టీ పక్కన పెన్సిలుతో సన్నగా 1 నుంచి 15 దాకా అంకెలు వేసి ఉన్నాయి.