దిగిన స్టాపుకే రావాలా, వేరే స్టాపులో తేలాలా?

బస్సు దిగి నడిచేవాళ్లకు దారులు రెండు రకాలు: దిగిన చోటికే చుట్టి వచ్చేవి, ఇంకో స్టాపులో ముగిసేవి.

అడవికి చుట్టుదారే నయం. ఒక్క టైంటేబుల్ చూసుకుంటే చాలు. చెట్ల మధ్య దారులన్నీ ఒకేలా ఉంటాయి కదా, మలుపు తప్పామనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి పట్టుకోవచ్చు.

చెట్లు లేకుండా గడ్డి, పొదలే ఉండే మూర్ గుట్టల మీద స్టాపు నుంచి స్టాపుకి నడకే బాగుంటుంది. గాలి వీపున కొట్టేలా దిశ ఎంచుకోవచ్చు. చిక్కల్లా చివరి బస్సుతోనే. అందుకే బస్సులు తక్కువున్న స్టాపులో పొద్దున్నే దిగి, ఎక్కువున్న రోడ్డు వైపు నడవాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసి చీకట్లో ఇరుక్కుంటారు.

నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి మరో గంట. అంటే 15 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడుకి మూడున్నర గంటలు. ఇది గట్టి నేలకే. మూర్ మీద ఉండే పీట్ బురదలో (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేల) బూటు చీలమండ దాకా దిగి, లాగితే చప్పుడు చేస్తూ వస్తుంది. నల్లటి గుంటల్ని చుట్టి పోవాలి. ఇంకో గంటన్నర కలపండి. ఆదివారం టైంటేబుల్ విడిగా చూడండి. కొన్ని స్టాపుల్లో చెయ్యెత్తకపోతే బస్సు ఆగదు.