ఇంటి బయోగ్యాస్ యూనిట్: ఏడాది వాడాక

వెయ్యి లీటర్ల ట్యాంకు, పైన గ్యాస్ పట్టే డ్రమ్ము, పక్కన స్లర్రీ (గ్యాస్ పోగా మిగిలే చిక్కటి ద్రవం) బయటికొచ్చే గొట్టం, చిన్న బర్నర్. కొన్నది ఇదీ. కంపెనీ పేరు చెప్పను.

మొదటి నెలంతా టెన్షనే. పేడ, నీళ్లు కలిపి నింపాం. వారం తిరక్కుండానే డ్రమ్ము పైకి లేచింది. సంబరంగా అగ్గిపుల్ల చూపిస్తే మంట రాలేదు. మొదట వచ్చేదాంట్లో ఎక్కువ కార్బన్ డయాక్సైడే, దాన్ని వదిలేయాలి. బిగించడానికొచ్చిన అబ్బాయి ఆ ముక్క చెప్పలేదు. మూడు వారాలు దాటాక నీలం మంట నిలబడింది. ఇప్పుడు రోజూ రెండు కిలోల వంటింటి చెత్త వేస్తే ముప్పావు గంట వెలుగుతుంది. చలికాలంలో అంత రాదు, లోపలి సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి మరి.

ఒకసారి మిగిలిన అన్నమంతా ఒకేరోజు కుమ్మరించాను. పుల్లటి వాసన, మంట లేదు. లోపల ఆమ్లం పెరిగిపోయింది. వారం రోజులు మేత ఆపితే గానీ దారికి రాలేదు.

నాకు అసలు లాభం మాత్రం స్లర్రీతోనే. గ్యాస్‌గా పోయేది ఎక్కువగా కార్బనే. చెత్తలోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అన్నీ స్లర్రీలోనే ఉండిపోతాయి. పైగా నత్రజనిలో కొంత అమ్మోనియం రూపంలోకి మారుతుంది కాబట్టి మొక్క త్వరగా అందుకుంటుంది. దీని గురించి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్నది ఒక్కటే లైను: 'మొక్కలకు వాడవచ్చు'. నేను నీళ్లు కలపకుండా పోసి నాలుగు కుండీల్లో ఆకుల అంచులు మాడ్చుకున్నాను. ఇప్పుడు ఐదింతల నీళ్లు కలుపుతున్నాను. ఎండలో మూత లేకుండా పెడితే ముక్కు అదిరే ఘాటు వస్తుంది, అది అమ్మోనియా, అంటే ఎరువు గాలికి పోతున్నట్టే. అందుకే మూత పెట్టి, సాయంత్రం పూట మొక్క మొదట్లో పోసి, పైన మట్టి కప్పుతాను. తేరిన నీళ్లు మాత్రమే తీసుకుంటే భాస్వరం చాలావరకు అడుగు మడ్డిలోనే ఉండిపోతుంది, బాగా కలిపి తీయాలి. పెద్ద ప్లాంట్లలో మెగ్నీషియం కలిపి ఆ భాస్వరాన్ని స్ట్రువైట్ అనే గింజల్లా తీస్తారు. మన బకెట్‌కి అంత హంగామా అక్కర్లేదు.

ఇంత విలువైన సరుకు వచ్చే గొట్టాన్ని నేలకు జానెడు ఎత్తులో పెట్టారు! కింద బకెట్ పట్టదు. గుంట తవ్వి దింపాల్సి వచ్చింది. వానొస్తే ఆ గుంటలో నీళ్లు. మీరు కొనేటప్పుడు మంట ఎంతసేపు వస్తుందని అడిగే ముందు ఒక బకెట్ పట్టుకెళ్లి ఆ గొట్టం కింద పెట్టి చూడండి.