పదిహేనేళ్లుగా వింటున్న 38 నిమిషాలు

అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ సీడీ 2009లో కొన్నాను. అదేమిటో తెలిసి కొనలేదు. ఆయన 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అప్పటికే కంఠతా వచ్చేసింది. అలాంటిదే ఇంకొకటి దొరికితే బాగుండనుకుని, అట్ట మీద ఆయన ముఖం చూసి తెచ్చేసుకున్నాను. ఇంటికొచ్చి పెడితే పది నిమిషాలైనా అసలు పాట మొదలైనట్టే లేదు. వంటింట్లోంచి అమ్మ “ఏరా, వీళ్లు శ్రుతి చూసుకోవడం ఇంకా అవ్వలేదా?” అంది. నా అనుమానమూ అదే. ఐదారు నెలలు దాని జోలికి పోలేదు.

ఇప్పుడు ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినేది అదే. కొత్తగా ఇటువైపు వచ్చేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

1969 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో ఒక్క రోజులో రికార్డు చేశారు దీన్ని. అప్పటికి మైల్స్‌కి 42 ఏళ్లు, జాజ్‌లో సంపాదించాల్సిన పేరంతా సంపాదించేశాడు. మామూలు పియానోతో బ్యాండు నడిపిన మనిషి, ఈసారి హెర్బీ హ్యాంకాక్, చిక్ కొరియా, జో జావినుల్ ముగ్గురినీ ఎలక్ట్రిక్ పియానోలూ ఆర్గనూ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఎలక్ట్రిక్ గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్‌ది. ఇంగ్లండ్ నుంచి ఆ నెలలోనే దిగాడు. తమాషా ఏమిటంటే, ‘ఎలక్ట్రిక్ మైల్స్’ అని అందరూ చెప్పుకునే ఈ రికార్డులో మైల్స్ ట్రంపెట్‌కి వైరు లేదు. దాన్ని కరెంటుకి తగిలించి, స్వరాన్ని ‘వా-వా’ అనిపించే పెడల్ తొక్కడం తర్వాతి కథ.

నన్ను పట్టేసింది ట్రంపెట్ కాదు, డ్రమ్స్. టోనీ విలియమ్స్ అంటే చెయ్యి ఆగని మనిషి. అలాంటివాడు మొదటి ట్రాక్ మొత్తం, అంటే దాదాపు 18 నిమిషాలు, హై-హ్యాట్ తాళాల మీద చిక్‌చిక్‌చిక్‌మని ఒకటే వరస వాయిస్తాడు. ఉరమడు, మెరవడు. మొదట్లో విసుగొచ్చింది. కొన్నాళ్లకి అర్థమైంది, ఆ వరస ఉంది కాబట్టే మిగతావాళ్లు ఎంతసేపు ఊరుకున్నా పాట పడిపోవడం లేదు. రెండో ట్రాక్‌లోనూ చాలాసేపు అదే నిగ్రహం. ఆఖర్న మైల్స్ మళ్లీ అందుకున్నాక ఒక్కసారిగా డ్రమ్సన్నీ తెరుచుకుంటాయి. నిమిషమో రెండు నిమిషాలో, అంతే. ఇన్నేళ్లయినా ఆ చోటు రాగానే చేతిలో పని ఆగిపోతుంది.

ఇంకో సంగతి అమ్మ పట్టుకుంది. ఒకరోజు మొదటి ట్రాక్ ముగింపుకొస్తుంటే “మళ్లీ మొదటికొచ్చావేంట్రా, రిపీట్ నొక్కావా?” అంది. నొక్కలేదన్నాను. అప్పుడు కూర్చుని పోల్చి చూస్తే, చివరి ఆరు నిమిషాలూ మొదటి ఆరు నిమిషాలే! ఇంకోసారి వాయించింది కాదు, అదే టేపు. నిర్మాత టియో మసీరో టేపు కోసి అతికించిన పని అది. రెండో ట్రాకూ అంతే, మొదలైన ముక్కతోనే ముగుస్తుంది. చరణమయ్యాక పల్లవికి రావడం మనకి కొత్త కాదు గానీ, మన గాయకులెవరూ పల్లవిని రెండోసారి అచ్చం అలాగే పాడరు. ఇక్కడ ఊపిరి తీసిన చోటు కూడా మారదు. ఇది మోసమని అప్పట్లో అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో అసలైన కొత్తదనం ఎలక్ట్రిక్ పియానోల కన్నా ఈ కత్తెరే అనిపిస్తుంది.

2001లో ఆ సెషన్లన్నీ మూడు సీడీలుగా వచ్చాయి. రిహార్సల్ వింటే జావినుల్ రాసిన ‘ఇన్ ఎ సైలెంట్ వే’ బాణీ కార్డ్స్‌తో (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) సహా ఉంటుంది. ఆ కార్డ్స్‌ని మైల్స్ దాదాపుగా తీసేయించి, కదలని ఒక్క స్వరం మీద బాణీని తేల్చాడు. తంబూరా నాదం మీద ఆలాపన విన్న చెవులకి అది ఇట్టే ఎక్కుతుంది.

ఇక వాడకం విషయాలు. ఫోన్ స్పీకర్లో పెట్టకండి, బేస్ మాయమై సగం పాట పోతుంది. ట్రాఫిక్‌లో కూడా దండగే. రాత్రి పదిన్నర తర్వాత, హెడ్‌ఫోన్స్‌తో వింటే మూడు కీబోర్డులూ దేనికది విడిగా తెలుస్తాయి. ముచ్చటపడి ఆన్‌లైన్‌లో ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) కూడా తెప్పించాను. వంకర తిరిగిన డిస్క్ వచ్చింది, ముల్లు అలల మీద పడవలా ఊగుతోంది. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు ఉలకలేదు, పలకలేదు. గోడకి తగిలించాను.

నేరుగా మైల్స్ తర్వాతి రికార్డు ‘బిచెస్ బ్రూ’తో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు, నేను చెప్పను. దాన్ని 1969 ఆగస్టులో మూడు రోజులు రికార్డు చేసి, 1970లో డబుల్ ఎల్‌పీగా వదిలారు. ఒకరికి ఇద్దరు డ్రమ్మర్లు, రెండు బేస్‌లు, బేస్ క్లారినెట్. గొప్పదే, కానీ అడవిలాంటిది, దారి తెలిసి వెళ్లాలి. 1972 నాటి ‘ఆన్ ది కార్నర్’లో బాదల్ రాయ్ తబలా ఉందని ఆశపడ్డాను. ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

అమ్మకి వీళ్లలో ఒక్క మెక్‌లాఫ్లిన్ మీదే గౌరవం. కారణం మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. ‘రిమెంబర్ శక్తి’ బృందం కచేరీలో శ్రీనివాస్ పక్కన గిటార్‌తో కూర్చున్నది ఈయనే అని చూపించాక, “అయితే మంచివాడే” అని తేల్చేసింది.

నా సీడీ మీద ఇప్పుడో గీత పడింది. మొదటి ట్రాక్ చివర్లో, తిరిగొచ్చిన ఆ ఆరు నిమిషాల మధ్యలో టక్కుమని ఒక చోట ఎగురుతుంది. కాబట్టి నా కాపీలో ఆ రెండు ముక్కలూ ఇక ఒకటి కావు. స్ట్రీమింగ్‌లో విన్నప్పుడు ఆ టక్కు కోసం ఎదురుచూస్తున్నాను.