రిటర్న్ గిఫ్టులు: లక్క భరిణెలా, పొట్లీ సంచులా?

చేతిపని రిటర్న్ గిఫ్ట్ కావాలని వచ్చే క్లయింట్లు ఎక్కువగా ఊగిసలాడేది ఈ రెండింటి మధ్యే: ఆంధ్రలోని ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క కుంకుమ భరిణె, చేత్తో కుట్టిన పొట్లీ సంచి (నాడా లాగితే మూతి ముడుచుకునే చిన్న గుడ్డ సంచి).

ఖర్చు: భరిణెకే ఎక్కువ. పొట్లీకి తానులో మిగిలిన పట్టు ముక్కలు చాలు.

శ్రమ: భరిణె కళాకారుల పని. అంకుడు కర్ర ఆరాలి, లేత్ మీద తిప్పుతూ రంగు లక్క పట్టించాలి. మనకు మిగిలేది ప్యాకింగే. పొట్లీ మాత్రం కత్తిరింపు నుంచి పూసల దాకా మన మీదే. అసలు విసుగు నాడా ఎక్కించడంలో ఉంటుంది. పిన్నీసుకు కట్టి లాగితే కాస్త నయం.

రిస్క్: భరిణె మూత వదులైతే కుంకుమంతా చీర మీదే. వానాకాలంలో చెక్క ఉబ్బి మూత బిగుసుకుంటుంది కూడా. అందుకే ఒక్కోటీ తీసి, పెట్టి చూడాలి. పొట్లీలో తడి తమలపాకులు పెడితే మరక ఖాయం. లైనింగ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

అతిథుల లెక్క తేలి, చేతిలో రెండు నెలలుంటే భరిణె. 2017లో జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే) గుర్తింపు పొందిన కళ అని చిన్న చీటీ పెడితే ఇంకా బాగుంటుంది. ముహూర్తం దగ్గరపడ్డాక కూడా "ఇంకో యాభై వేయండి" అనే ఇల్లయితే పొట్లీకే ఒప్పుకోండి, అడ్వాన్స్ తీసుకుని మరీ.